మీ వారు ఊళ్లో లేనప్పుడు ఆ గదులు ఖాళీ చేయకండి

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. మోడల్ కార్లు, సినిమా పాత్రల బొమ్మలు, కామిక్స్, పాత పోస్టర్లు సేకరించడం 20 ఏళ్లుగా ఆయన అలవాటు. మొదట్లో అన్నీ ఒక అద్దాల బీరువాలో పట్టేవి. ఇప్పుడు రెండు పడకగదులు నిండిపోయి మా అబ్బాయి హాల్లో పడుకుంటున్నాడు. చాలా బొమ్మల్ని పెట్టెల్లోంచి కూడా తీయరు. ఏడాదిగా కొరియర్‌లో వచ్చిన పార్సిళ్లు విప్పకుండానే గోడవారన పేరుకుపోతున్నాయి. ఏదైనా తీసేద్దామంటే కోపం వస్తుంది, తర్వాత రెండు రోజులు మాటలుండవు. ఉద్యోగం బాగా చేసుకుంటారు, వేరే ఏ చెడు అలవాటూ లేదు. ఇలాంటివాళ్ల ఇళ్లకు వెళ్లి సామాను తగ్గించే అమెరికా రియాలిటీ షోలు కొన్ని చూశాను. వచ్చే నెల ఆయన ఆఫీసు పని మీద వారం రోజులు ఊరెళ్తున్నారు. మా మరిది సాయంతో అప్పుడు అంతా ఖాళీ చేసేద్దామనుకుంటున్నాను. చేయవచ్చా? ఇది జబ్బేనా? మందులున్నాయా?
– పేరు వేయవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: అమ్మా, మొదటి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే దానికి నెల రోజులే గడువుంది. వద్దు. ఆయన లేనప్పుడు ఒక్క పెట్టె కూడా కదపకండి. మీ విసుగు నాకు అర్థమైంది. సొంత ఇంట్లో కొడుక్కి గది లేకపోవడం చిన్న విషయం కాదు. కానీ ఇలా చాటుగా ఖాళీ చేసిన ఇళ్లవాళ్లు తర్వాత నా దగ్గరకు వచ్చారు. కొన్ని నెలల్లో గది మళ్లీ నిండింది. ఈసారి దానికి తాళం కూడా పడింది. పార్సిళ్లు ఆఫీసు అడ్రసుకు తెప్పించుకోవడం మొదలైంది. అంతకుముందు గొడవపడైనా మాట్లాడుకునేవాళ్లు, ఆ తర్వాత అదీ లేదు. చికిత్స మొదలుపెట్టాలంటే మొదట ఆ నమ్మకాన్ని నిలబెట్టడానికే మాకు నెలలు పట్టింది.

మీరు చూసిన షోల గురించి కొంచెం చెప్పాలి. అవన్నీ ఒకలాంటివి కావు. 2009లో ఏ అండ్ ఈ చానల్‌లో మొదలైన 'హోర్డర్స్'లో నడవడానికి దారి కూడా లేనంతగా నిండిపోయిన ఇళ్లు కనిపిస్తాయి. లారీలు, పనివాళ్లు, వెంట ఒక మానసిక నిపుణుడు ఉంటారు. చాలాసార్లు ఇల్లు పోతుందనో, పిల్లల్ని అధికారులు తీసుకెళ్తారనో గడువు మెడ మీద ఉంటుంది. 2012లో సైఫై చానల్‌లో వచ్చిన 'కలెక్షన్ ఇంటర్వెన్షన్' మీ ఇంటి పరిస్థితికి దగ్గర. అందులో ఎలీస్ లురే అనే ఆమె, పాత వస్తువులకు విలువ కట్టే నిపుణురాలు, బొమ్మలూ కామిక్సూ సేకరించేవాళ్ల ఇళ్లకు వెళ్లి కుటుంబంతో కూర్చుని మాట్లాడేది. దాని నుంచి మీరు ఒక్కటి తీసుకోండి. అక్కడ వస్తువుల యజమాని లేకుండా సంప్రదింపులు జరగవు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అనే మాటల్లో అతనూ ఉంటాడు.

ఈ షోలు చూపించలేనిది కాలం. గంట కార్యక్రమంలో ఇల్లు శుభ్రమవుతుంది. నిజంగా పనిచేస్తుందని తేలిన చికిత్స అలా ఉండదు. అమెరికా పరిశోధకులు ర్యాండీ ఫ్రాస్ట్, గెయిల్ స్టెకిటీ వస్తువుల్ని వదల్లేని ఈ సమస్య కోసం తయారుచేసిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల్నీ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స) 26 సిట్టింగుల పని. అందులో కొన్ని రోగి ఇంట్లోనే జరుగుతాయి. నెలల తరబడి సాగే చికిత్స అది. అంత చేసినా చాలామందిలో సామాను తగ్గుతుందే తప్ప సమస్య పూర్తిగా మాయం కాదు. మీరు వారంలో చేద్దామనుకున్నది ఈ పనే.

ఇక రెండో ప్రశ్న. సేకరణ జబ్బు కాదు. అది చాలామందికి జీవితాంతం తోడుండే ఆనందం. కానీ వస్తువుల్ని వదల్లేకపోవడం ఒక హద్దు దాటితే దాన్ని హోర్డింగ్ డిజార్డర్ అంటాం. ఒకప్పుడు దీన్ని ఓసీడీలో (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం ఉండే జబ్బు) ఒక లక్షణంగా చూసేవాళ్లం. 2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని వేరే జబ్బుగా గుర్తించింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనూ దీనికి విడిగా చోటుంది. నూటికి రెండు మూడు మందిలో ఉంటుందని అంచనా, అంటే అరుదైన సంగతేం కాదు.

హద్దు ఎక్కడుందో తెలుసుకోవడానికి వస్తువుల్ని లెక్కపెట్టకండి. పది వేల బొమ్మలున్నా వరసగా, ఏది ఎక్కడుందో తెలిసేలా, ఇంట్లోవాళ్లకు అడ్డం రాకుండా ఉంటే అది సేకరణే. చూడాల్సింది గదిని. పడకగదిలో పడుకోగలుగుతున్నారా, వంటగదిలో వండుకోగలుగుతున్నారా? ఆ గది ఏ పనికోసం కట్టుకున్నారో ఆ పనికి రాకుండా పోతే అప్పుడు మేం జాగ్రత్తగా గమనిస్తాం. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం అబ్బాయి హాల్లో పడుకోవడం గురించినదే.

పెట్టెల్లోంచి తీయని బొమ్మల గురించి మాత్రం టెన్షన్ పడకండి. ఇలాంటి బొమ్మలకు పెట్టె తెరవకపోతేనే విలువ ఎక్కువ. సేకరించేవాళ్లు కావాలనే అలా ఉంచుతారు. నన్ను ఆలోచింపజేసింది విప్పని పార్సిళ్లు. నిజమైన కలెక్టర్ ఎదురుచూసిన వస్తువు రాగానే చేత్తో తిప్పి చూసుకుంటాడు, దాని చోట్లో పెట్టుకుంటాడు, ఇంట్లో ఎవరు దొరికితే వాళ్లకు చూపిస్తాడు. పార్సిల్ విప్పకుండా గోడకు చేరుతోందంటే ఆనందం వస్తువులో కాకుండా కొనే క్షణంలోనే అయిపోతోందని అర్థం కావచ్చు. ఇది ఏడాదిగా అన్నారు. ఏడాది కిందట ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. దగ్గరివాళ్లు పోవడం, ఉద్యోగంలో దెబ్బ తగలడం, నిద్ర పట్టకపోవడం లాంటివి. ఈ సమస్య ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి డిప్రెషన్ కూడా ఉంటుంది. అది పైకి దిగులుగానే కనిపించాలని లేదు, ఆన్‌లైన్ కొనుగోళ్ల వెనక కూడా దాక్కుంటుంది. అయితే ఉత్తరం చదివి ఆయనకు జబ్బుందని నేను తేల్చను. ఆయన్ని చూడకుండా ఆ మాట అనడం తప్పు.

'ఒక్క బొమ్మ తీయమంటే అంత కోపమెందుకు' అని మీకు అనిపించవచ్చు. 2012లో అమెరికా సైకాలజిస్ట్ డేవిడ్ టోలిన్ బృందం ఈ సమస్య ఉన్నవాళ్ల మెదడుకు స్కాన్ తీస్తూ, కాగితాలు చూపించి 'ఉంచాలా, చింపేయాలా' అని అడిగింది. కొన్ని వాళ్ల ఇంటి నుంచి తెచ్చినవి, కొన్ని వేరేవాళ్లవి. సొంత కాగితాల దగ్గరకు వచ్చేసరికి నిర్ణయానికి, భావోద్వేగానికి సంబంధించిన భాగాలు మామూలు కన్నా చాలా ఎక్కువగా పనిచేశాయి. వేరేవాళ్ల కాగితాలప్పుడు మామూలు కన్నా తక్కువగా. అంటే అది మొండితనం కాదు. మనకు అరనిమిషం పట్టే నిర్ణయం వాళ్లకు నిజంగా బరువు. ప్రతి వస్తువూ ఒక చిన్న పరీక్షే.

అందుకే 'ఈ చెత్తంతా' అనే మాట ఈ రోజు నుంచే మానేయండి. ఆయన వాటిని ఏ పేరుతో పిలిస్తే మీరూ అదే పేరుతో పిలవండి. ఆయన ఊరు వెళ్లకముందే, గొడవ లేని రోజు చూసి మాట్లాడండి. 'ఇన్నెందుకు కొన్నారు' అని మొదలుపెడితే ఆయన ఒక్కో బొమ్మ తరఫునా వాదిస్తారు. అబ్బాయి గది నుంచి మొదలుపెట్టండి. 'వాడికి మంచం, చదువుకునే బల్ల పట్టేంత చోటు కావాలి. ఎలా చేద్దామో మీరే చెప్పండి' అనండి. ఎలా చేయాలన్నది ఆయన ఇష్టం. చేయాలా వద్దా అన్నది మాత్రం చర్చకు పెట్టకండి. పిల్లవాడి పడక మీద బేరం ఉండకూడదు. గుమ్మం, నడిచే దారి, స్విచ్ బోర్డు, పొయ్యి చుట్టుపక్కల కూడా అంతే. కాగితం, అట్టపెట్టెలు గుట్టలుగా ఉన్న గదిలో నిప్పు రాజుకుంటే బయటపడడానికి దారి ఉండదు.

ఆయన ఒప్పుకుంటే అన్నిటికన్నా విలువైన వస్తువుతో మొదలుపెట్టొద్దు. ముందు ఆ పార్సిళ్లు. రోజుకు రెండు మూడు, ఇద్దరూ కలిసి, ఆయన చేత్తోనే విప్పనివ్వండి. వాపసు ఇవ్వగలిగేవి ఉంటే ఆయనే ఇస్తారు. తర్వాత రెండేసి ఉన్నవి, విరిగినవి. మీరు పక్కన కూర్చోండి, అడిగితే చెప్పండి, చేయి మాత్రం వేయకండి. ఇరవై నిమిషాలు, అరగంట చాలు. కొన్నిటిని ఫొటో తీసుకుని వదలడం కొందరికి తేలికగా ఉంటుంది. అమ్మితే, ఆ వస్తువు విలువ తెలిసిన ఇంకో కలెక్టర్‌కు వెళ్తోందన్న తృప్తి ఎంతో సాయం చేస్తుంది. ధర గురించి మాత్రం ముందే చెబుతున్నాను. షోలలో విలువ కట్టేటప్పుడు వినిపించే పెద్ద అంకెలు అరుదైన వస్తువులవి. ఎక్కువ బొమ్మలకు కొన్న ధర కూడా రాదు. ఆ నిరాశతో 'అయితే అమ్మను' అనేస్తారు, అప్పుడు వాదించకుండా మర్నాటికి వదిలేయండి.

లోపలికి వచ్చేది ఆగకపోతే బయటికి పంపి ప్రయోజనం లేదు. థెరపీలో దీనికి ఒక అభ్యాసం చేయిస్తాం. నచ్చిన వస్తువును ఆన్‌లైన్‌లో చూసి, కొనకుండా బయటికి వచ్చి, ఆ కోరిక ఎంత బలంగా ఉందో పదికి మార్కులేసుకోవాలి. కాసేపటికి మళ్లీ వేసుకోవాలి. అంకె దానంతటదే దిగడం ఆయన కళ్లతో చూసిన రోజు నుంచి పని తేలికవుతుంది.

మందుల సంగతి: ఈ సమస్యకే అని ఆమోదం పొందిన మందు లేదు. డిప్రెషన్, ఆందోళన, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) లాంటివి తోడుగా ఉంటే వాటికి మందులిస్తాం, దాంతో సర్దడం, తేల్చుకోవడం కొంత సులువవుతుంది. ఈ కాలమ్ చదివే మిగతావాళ్లకు ఒక మాట. అరవై దాటిన మనిషి ఎప్పుడూ లేనిది కొత్తగా వస్తువులు పోగేయడం మొదలుపెడితే దాన్ని హాబీ అనుకోకండి. మతిమరుపు జబ్బుల్లో కొన్ని ఇలాగే మొదలవుతాయి, డాక్టర్‌కు చూపించండి.

సైకియాట్రిస్ట్ లేదా క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరకు 'నీకు జబ్బుంది, పద' అని తీసుకెళ్తే ఆయన రారు. 'ఈ విషయంలో మనిద్దరికీ గొడవలవుతున్నాయి, ఇద్దరం కలిసి ఒకసారి మాట్లాడి వద్దాం' అనండి, నిజం కూడా అదే. రెండు గదులవీ ఫొటోలు తెండి, కానీ వాటిని ఆయన్నే తీయమనండి. అప్పటికీ రానంటే మీరొక్కరే వెళ్లండి, మొదటి రెండు మూడు సిట్టింగులు కుటుంబ సభ్యులతోనే జరిగిన కేసులు చాలా ఉన్నాయి. మీ మరిదితో కూడా ఈ రోజే మాట్లాడి, వచ్చే నెల ఆ పని లేదని చెప్పండి. ఆయన సాయం ఎలాగూ కావాలి, అబ్బాయి గదిలోకి మంచం మోసే రోజున.