గాలపాగోస్ చూడాలని ఉంది, అప్పు చేసి వెళ్ళొచ్చా?

ప్రశ్న: మాది రాజమండ్రి. నా వయసు 54. ఒక ప్రైవేటు కాలేజీలో 26 ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను. మా వారికి 58, మెడికల్ షాపు నడుపుతారు. అమ్మాయి బీటెక్ ఆఖరి సంవత్సరం. ఇంటి లోను తీరిపోయింది. ఖర్చులు పోను నెలకు 45 వేలు మిగులుతాయి. బ్యాంకులో 9 లక్షల ఎఫ్‌డీ, నా పేరున పీఎఫ్ ఉన్నాయి. పరిణామం పాఠంలో డార్విన్ వెళ్ళిన గాలపాగోస్ దీవుల గురించి చెప్పిన ప్రతిసారీ వాటిని ఒక్కసారి కళ్ళారా చూడాలనిపిస్తుంది. ఒక ట్రావెల్ ఏజెంటు ఆ దీవులున్న దక్షిణ అమెరికా దేశం ఈక్వెడార్‌కి 14 రోజుల ప్యాకేజీ, గాలపాగోస్ క్రూయిజ్‌తో కలిపి ఇద్దరికీ 12 లక్షలు అన్నారు. పర్సనల్ లోన్ కూడా తామే ఇప్పిస్తామని, వచ్చే వేసవికే వెళ్ళమని తొందర పెడుతున్నారు. ఈ వయసులో ఇంత ఖర్చు తప్పా? లోన్ తీసుకోవాలా, ఎఫ్‌డీ తీసేయాలా?

జవాబు: మేడమ్, తప్పు కాదు. తప్పకుండా వెళ్ళండి. కానీ వచ్చే వేసవికి వద్దు, అప్పుతో అసలే వద్దు. రెండేళ్ళు ఆగి, సొంత డబ్బుతో, క్రూయిజ్ లేకుండా వెళ్ళండి. ఎందుకో చెబుతాను.

ముందు ఆ లోను సంగతి. 12 లక్షలు 14 శాతం వడ్డీకి నాలుగేళ్ళకు తీసుకుంటే ఈఎంఐ నెలకు దాదాపు 32,800 వస్తుంది. చివరికి కట్టేది 15 లక్షల 74 వేలు. ఆఖరి ఈఎంఐ కట్టే నాటికి మీకు 58, మీ వారికి 62. ఈలోగా అమ్మాయి పైచదువు అన్నా, పెళ్ళి కుదిరినా చేతులు కట్టేసినట్టే. అదే నెలకు 30 వేల చొప్పున 24 నెలలు ఆర్డీ కడితే, 6.5 శాతం వడ్డీతో సుమారు 7 లక్షల 70 వేలు చేతికొస్తుంది. మిగులులో ఇంకా 15 వేలు ఉంటుంది, అది రిటైర్మెంటు కోసం ఇప్పుడెక్కడ పెడుతున్నారో అక్కడే పెట్టండి. పీఎఫ్ జోలికి వెళ్ళొద్దు. ఎఫ్‌డీలో 4 లక్షలు అత్యవసరానికి అలాగే ఉండాలి.

ఇక్కడ ఈక్వెడార్ గురించి ఒక ముఖ్యమైన విషయం. ఆ దేశానికి సొంత కరెన్సీ లేదు. 1999లో బ్యాంకులు కుప్పకూలి, ప్రభుత్వం జనం డిపాజిట్లను స్తంభింపజేసింది. 2000 జనవరిలో వాళ్ళ సుక్రేని పక్కన పెట్టి, 25,000 సుక్రేలకు ఒక డాలరు లెక్కన అమెరికా డాలరునే తెచ్చుకున్నారు. జీవితమంతా దాచుకున్న సొమ్ము ఆ మార్పిడిలో కరిగిపోయిన కుటుంబాలు ఎన్నో. మనకు దీనితో పనేమిటంటే, కొన్ని దేశాల్లో స్థానిక కరెన్సీ పడిపోతే టూరిస్టుకు కలిసొస్తుంది. ఈక్వెడార్‌లో ఆ అవకాశం లేదు. అక్కడ టీ తాగినా బస్సెక్కినా డాలరే. కాబట్టి మీ బడ్జెట్ మొదటి నుంచీ డాలర్లలో రాయండి. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. మీరు 100 రూపాయలు పెట్టుకుని లెక్కవేయండి. రెండేళ్ళలో రూపాయి కొంత జారినా మీకు టెన్షన్ ఉండదు.

డాలర్లు ఇప్పటి నుంచే కొని ఇంట్లో దాచాలన్న ఆలోచన వద్దు. ప్రయాణం కోసం కొన్న విదేశీ నోట్లను వాడకపోతే గడువులోగా తిరిగి ఇచ్చేయాలన్న నిబంధన ఉంది. ప్రయాణానికి నెల ముందు కొంటే చాలు.

ఇప్పుడు గాలపాగోస్. డార్విన్ 1835లో అక్కడ ఐదు వారాలే ఉన్నారని మీకు నేను చెప్పక్కర్లేదు. నేను 2023లో వెళ్ళినప్పుడు పార్కు ప్రవేశ రుసుము 100 డాలర్లు. 2024 ఆగస్టు 1 నుంచి మనలాంటి విదేశీయులకు 200 చేశారు. చాలా ఏళ్ళు మారని ధర ఒక్కసారిగా రెట్టింపైంది. ఈ దీవుల భూభాగంలో 97 శాతం నేషనల్ పార్కే. ఆ డబ్బు అక్కడి సంరక్షణకు కావాలి, దాన్ని నేను మనస్ఫూర్తిగా ఇచ్చే ఖర్చుగా చూస్తాను. దీనికి తోడు విమానం ఎక్కే ముందు తీసుకునే ట్రాన్సిట్ కార్డు మనిషికి 20. ప్రవేశ రుసుముకు నోట్లు చేతిలో ఉంచుకోండి.

ఏజెంటు చెప్పిన 12 లక్షల్లో బరువంతా క్రూయిజ్‌దే. అది లేకపోతే ఏం కోల్పోతారో దాచకుండా చెబుతాను. ఫెర్నాండినా లాంటి పడమటి దీవులకు, రెక్కలు కుంచించుకుపోయి ఎగరలేని కార్మొరాంట్ పక్షులు ఉండే తీరాలకు దాదాపు క్రూయిజ్‌లోనే వెళ్ళగలం. జువాలజీ మేడమ్‌గా మీకది లోటే. కానీ జనం ఉండే దీవుల్లో బస చేసి రోజువారీ పడవల్లో తిరిగినా సముద్రపు ఇగ్వానా బల్లులు, నీలి పాదాల బూబీ పక్షులు, పెద్ద తాబేళ్ళు, ఫించ్ పిట్టలు అన్నీ కనిపిస్తాయి. సాన్ క్రిస్టోబల్ దీవిలో దిగి, సాంతాక్రూజ్ పక్కనున్న బాల్ట్రా నుంచి తిరుగు విమానం ఎక్కండి. ఎస్పాన్యోలా దీవికి ఒకరోజు టూరు సాన్ క్రిస్టోబల్ నుంచే ఉంటుంది. వేవ్డ్ ఆల్బట్రాస్ పక్షులు దాదాపుగా ఆ ఒక్క దీవిలోనే గూడు కడతాయి, ఏప్రిల్‌లో తిరిగొస్తాయి. మీ వేసవి సెలవులకు సరిగ్గా సరిపోతుంది. ఈ ఒక్క టూరులో మాత్రం పొదుపు చూడొద్దు.

సాంతాక్రూజ్‌లో ప్యూర్తో అయోరా అనే ఊరుంది. అక్కడి చేపల మార్కెట్ అంటే ఒడ్డున నాలుగు దిమ్మెలు, పైన నీడ, అంతే. చేప కోసే ఆవిడ పక్కన ఒక సీ లయన్ (సముద్ర సింహం) నిలబడి, మన వంటింట్లో పిల్లి కాచుకున్నట్టు, గడ్డం దిమ్మె మీద ఆనించి చూస్తోంది. వెనక గూడబాతులు, మన ఆటపాకలో కనిపించే వాటి బంధువులు, వరసగా మెడలు సాచి ఉన్నాయి. ఆవిడ మోచేత్తో సీ లయన్‌ని పక్కకు తోస్తుంది, అది రెండు క్షణాలు ఆగి మళ్ళీ వస్తుంది. నేను అక్కడ గంటకు పైగా నిలబడిపోయాను. దానికి టికెట్ లేదు. టోర్టుగా బే తీరానికి నడిచి వెళ్ళడానికీ లేదు, దారి పొడవునా బల్లుల కోసం కింద చూసుకుంటూ నడవాలి, అంతే.

గాలపాగోస్‌లో ఆరు రాత్రులకు, రాజధాని క్విటో నుంచి రానూపోనూ విమానాలు, రుసుములు, గది, తిండి, పడవలు, నాలుగు రోజువారీ టూర్లు కలిపి ఇద్దరికీ 3,500 డాలర్ల పైపరిమితి పెట్టండి.

దేశం మిగతా భాగం కూడా వదలొద్దు. ఈక్వెడార్ దాదాపు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతే ఉంటుంది. అంతలోనే 6,263 మీటర్ల చింబొరాసో శిఖరం, మంచు కప్పిన కొటొపాక్సి అగ్నిపర్వతం, అమెజాన్ అడవి, పసిఫిక్ తీరం ఉన్నాయి. అక్కడ నమోదైన పక్షి జాతులు 1,600 పైనే. క్విటోకి రెండు మూడు గంటల దూరంలో మిందో అనే మబ్బుల అడవి ఉంది, తోటలో పంచదార నీళ్ళ సీసాలు కడితే హమ్మింగ్ బర్డ్‌లు చెవి పక్క నుంచే దూసుకెళ్తాయి. క్విటో, మిందో, కొటొపాక్సిలకు కలిపి 800 డాలర్లు చాలు. మధ్యాహ్నం అల్మ్వెర్సో అని సూపు, అన్నం, కూర, జ్యూస్ కలిపి భోజనం పెడతారు, తక్కువలో కడుపు నిండుతుంది. శాకాహారులైతే మాంసం వద్దని ముందే చెప్పాలి. అమెజాన్‌లో కుయబెనో ప్రాంతంలో మూడు రాత్రుల లాడ్జి ప్యాకేజీకి, ప్రయాణంతో కలిపి ఇద్దరికీ 900 పెట్టండి. మొసలి జాతి కైమన్లు, అదృష్టం ఉంటే గులాబీ రంగు నదీ డాల్ఫిన్లు కనిపిస్తాయి.

మొత్తం 5,200 డాలర్లు, అంటే మన వందరూపాయల లెక్కలో 5 లక్షల 20 వేలు. హైదరాబాద్ నుంచి యూరప్ మీదుగా క్విటోకి ఇద్దరి టికెట్లకు 3 లక్షల 20 వేలు, వీసా, ఇన్సూరెన్స్, టీకాలకు 50 వేలు. కలిపితే 8 లక్షల 90 వేలు. ఆర్డీ సొమ్ము పోను తగ్గే లక్షా ఇరవై వేలు ఎఫ్‌డీలోంచి తీయండి. అదీ ఇష్టం లేకపోతే అమెజాన్ మానేస్తే బిల్లు 8 లక్షలకు దిగుతుంది, తగ్గేది 30 వేలే. ఖర్చు తగ్గించడానికి తీరంలోని ఇస్లా దె లా ప్లాతా చూస్తే చాలు, అక్కడా బూబీలు ఉంటాయి అని ఎవరైనా అనొచ్చు. 26 ఏళ్ళ కోరికకు అది సరిపోదు, నేనా సలహా ఇవ్వను.

ప్యాకేజీ కొంటే దాని మీద మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసే పన్ను) తీసుకుంటారు. రేటు బడ్జెట్లలో మారుతోంది కాబట్టి కట్టే రోజున అడగండి. అది పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద జమై రిటర్నులో సర్దుబాటు అవుతుంది. సొంతంగా ప్లాన్ చేసుకుంటే, 2025 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరికి ఏడాదికి 10 లక్షల లోపు విదేశాలకు పంపే సొమ్ము మీద టీసీఎస్ లేదు.

డాలర్ ఫారెక్స్ కార్డు ఒకటి, కొన్ని నోట్లు పట్టుకెళ్ళండి. నోట్లన్నీ 20, 10, 5, 1లే ఉండాలి. ఒటవాలో అనే ఊరి సంతలో ఉన్ని శాలువా ఎంచుకుని 100 డాలర్ల నోటు తీస్తే ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. పక్క నాలుగు దుకాణాల్లోనూ చిల్లర లేదు. శాలువా అక్కడే వదిలేసి వచ్చాను, ఇప్పటికీ గుర్తొస్తుంది.

భద్రత గురించి కూడా నిజం చెప్పాలి. 2024 జనవరిలో ముఠాల హింస పెరిగి, అధ్యక్షుడు నొబోవా దేశంలో అంతర్గత సాయుధ సంఘర్షణ ప్రకటించారు. తీరప్రాంత నగరాలకు ఆ ఇబ్బంది ఎక్కువ. తీరంలోని గ్వాయకిల్ నగరంలో విమానం మారడం వరకే పెట్టుకోండి. టికెట్లు కొనే ముందు మన విదేశాంగ శాఖ సూచనలు చూడండి. ఇన్సూరెన్స్‌లో దీవి నుంచి ఆసుపత్రికి విమానంలో తరలించే ఖర్చు ఉందో లేదో చదవండి. మీ వారికి బీపీ, షుగర్ ఉంటే పాలసీలో రాయించండి. దాస్తే క్లెయిమ్ పోతుంది. క్విటో 2,850 మీటర్ల ఎత్తులో ఉంది, మొదటి రెండు రోజులు విశ్రాంతికే ఉంచండి.

ఇక ఈ నెలలోనే చేయాల్సిన పని ఒకటుంది. ఈక్వెడార్ ఎల్లో ఫీవర్ ఉన్న దేశం. టీకా సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. 60 దాటినవారికి ఈ టీకాతో తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు ఎక్కువ కాబట్టి డాక్టర్లు వెనకాడతారు. మీ వారికి ఇప్పుడు 58, మీరు బయలుదేరే నాటికి 60. సర్టిఫికెట్ ఒకసారి తీసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. కాబట్టి ఆర్డీ తెరిచే వారంలోనే హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కి ఫోన్ చేసి, ఏ రోజు వేస్తారో కనుక్కుని, ఇద్దరూ వెళ్ళి వేయించుకుని రండి.