రెండు మూడు కీస్ మాత్రమే గట్టిగా మోగుతుంటే బోర్డు మార్చక్కర్లేదు

పాపకి రెండేళ్ల కిందట కొన్న యమహా పీ-45 డిజిటల్ పియానోలో మధ్య మూడు కీస్ ఎంత మెల్లగా నొక్కినా గట్టిగా అరుస్తున్నాయని, షాపులో లోపలి సర్క్యూట్ బోర్డు మార్చాలన్నారని, ఏటా ట్యూనింగ్ కూడా చేయించాలా అని గుంటూరు నుంచి అడిగారు. బోర్డుకి ఇప్పుడే డబ్బు కట్టకండి. ఈ లక్షణం చాలావరకు దుమ్ము వల్ల వచ్చేదే.

ప్రతి కీ కింద ఒక రబ్బరు బొడిపె, దాని లోపల రెండు నల్లటి కార్బన్ చుక్కలు ఉంటాయి. కొన్ని మోడళ్లలో మూడు. కీ నొక్కగానే మొదటి చుక్క బోర్డుకి తగులుతుంది, రెప్పపాటు తర్వాత రెండోది. ఈ రెండింటి మధ్య ఎంత సమయం పట్టిందన్నదాన్ని బట్టే మెల్లగా నొక్కారో గట్టిగా నొక్కారో పియానోకి తెలుస్తుంది. ఆ సమయం ఎంత తగ్గితే శబ్దం అంత పెరుగుతుంది. మొదటి చుక్క దగ్గర దుమ్ము అడ్డుపడి అది ఆలస్యంగా అంటుకుంటే, రెండూ ఒకేసారి తగిలినట్టు లెక్క పడుతుంది. అందుకే ఎంత సుతారంగా నొక్కినా ఫుల్ సౌండ్. రెండో చుక్క అసలు తగలకపోతే ఆ కీ మూగబోతుంది.

ముందు ఒక పరీక్ష. వాల్యూమ్ తగ్గించి, ఆ కీని ముప్పై నలభైసార్లు గబగబా గట్టిగా కొట్టండి. కాసేపైనా మామూలుగా పలికితే దోషం దుమ్ముదే. వారంటీ ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి, మీరు విప్పితే వారంటీ పోతుంది. లేకపోతే కీబోర్డులు బాగుచేసే మెకానిక్‌తో "కాంటాక్టులు క్లీన్ చేసి చూడండి, ఆ తర్వాతే బోర్డు సంగతి" అని ముందే చెప్పండి. కాంటాక్టులంటే ఆ చుక్కలూ, బోర్డు మీద అవి తగిలే చోట్లూ.

మీరే చేసుకోగలిగితే, ముందు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ చదవండి, కాంటాక్టు బోర్డుని చేరే దారి ఒక్కో మోడల్‌లో ఒక్కోలా ఉంటుంది. అడాప్టర్ తీసేసి, మంచం మీద మడత దుప్పటి పరిచి బోర్లించండి. బరువు పదకొండున్నర కిలోలు, ఇద్దరు పట్టుకుంటే మేలు. బరువంతా కీస్ మీద పడకుండా రెండు చివర్లా పుస్తకాలు పెట్టండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు, ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి అక్కడే టేపుతో అంటించండి. పొడవు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే ప్లాస్టిక్ చీలుతుంది. ఆ బొడిపెలున్న రబ్బరు పట్టీని మెల్లగా లేపి, బోర్డు మీది నల్లటి గీతల్ని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన ఇయర్‌బడ్‌తో ఒకటి రెండుసార్లు తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వండి. మొబైల్ రిపేరు సామాన్ల షాపుల్లో ఇది దొరుకుతుంది. శానిటైజర్ వాడొద్దు, అందులో నీళ్లూ జిగురూ ఉంటాయి. రబ్బరులోని కార్బన్ చుక్కల్ని మాత్రం పొడి మెత్తటి గుడ్డతో అద్దితే చాలు, రుద్దితే కార్బన్ లేచిపోతుంది. వాటికి వేలు కూడా తగలనివ్వొద్దు, చేతి జిడ్డు మళ్లీ అదే జబ్బు తెస్తుంది. గరుకు కాగితం, పెన్సిల్ చెరిపే రబ్బరు, నూనె స్ప్రే దేనికీ పనికిరావు. రబ్బరు పట్టీ తిరిగి పెట్టాక దాని తోకలు బోర్డు రంధ్రాల్లోకి పూర్తిగా దిగాయో లేదో చూడండి, ఒక్కటి పైకి లేచినా ఆ కీ సరిగా పలకదు. మూత బిగించకముందే అడాప్టర్ పెట్టి 88 కీస్ ఒక్కొక్కటీ మోగించి చూడండి. ఆ కాసేపూ విప్పి ఉన్న బోర్డుల మీద చెయ్యి పెట్టొద్దు.

ట్యూనింగ్ మాటకొస్తే, ఇందులో తీగలు లేవు, అది చేయించే పనే లేదు. శ్రుతి మారినట్టు వినిపిస్తే ట్రాన్స్‌పోజ్ (స్వరాలన్నిటినీ పైకో కిందికో జరిపే సెట్టింగు) మారిందనో, మామూలుగా ఉండే 440 హెర్ట్జ్ నుంచి పిచ్ జరిగిందనో అర్థం. కుడివైపు చిట్టచివరి తెల్ల కీ నొక్కిపట్టి పియానో ఆన్ చేస్తే సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. అరగంట వాయించకపోతే తనంతట తనే ఆఫ్ అవడం కూడా రోగం కాదు, ఎడమ చివరి కీ నొక్కిపట్టి ఆన్ చేస్తే అది ఆగుతుంది.

మళ్లీ దుమ్ము చేరకుండా చూసుకోవడమే అసలు పని. మిర్చి యార్డు వైపు ఇళ్లలో సీజన్‌లో కారం ధూళి కిటికీలోంచి లోపలికొచ్చేస్తుంది, వాయించడం అవగానే కప్పేయాలి. కప్పడానికి ప్లాస్టిక్ షీటు వద్దు, లోపల చెమ్మ నిలుస్తుంది. పాత మంగళగిరి నూలు చీర రెండు మడతలు వేస్తే చక్కగా సరిపోతుంది. కీస్‌ని తడిపి గట్టిగా పిండిన గుడ్డతో వెనక నుంచి మన వైపుకి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తండి.

ఎండాకాలంలో మాన్యువల్ చెప్పే హద్దు 40 డిగ్రీలు. మన దగ్గర రోహిణి కార్తెలో పడమటి గోడ పక్కన గది అది సులువుగా దాటుతుంది. ఇంకా పెద్ద శత్రువు ఎయిర్ కూలర్. అది ఊదే తడిగాలి నేరుగా పియానో మీద పడితే కాంటాక్టులు పాడవుతాయి, ఉప్పునీళ్లయితే తెల్లటి పొర కూడా పేరుకుంటుంది. కూలర్ ముందు నుంచి ఈరోజే జరపండి.

అడాప్టర్ 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు, మధ్య పిన్ ప్లస్. పోతే ఇవే అంకెలున్నది కొనండి. కరెంటు పోగానే ప్లగ్ తీసేయండి, తిరిగొచ్చే క్షణంలోనే వోల్టేజీ ఎగుడుదిగుడై అడాప్టర్లు పోతుంటాయి.

పెడల్ తిరగబడి, కాలు తీస్తేనే స్వరం సాగుతోందంటే ఆన్ చేసేటప్పుడు పెడల్ మీద కాలుందన్నమాట. ఆఫ్ చేసి, కాలు తీసి మళ్లీ ఆన్ చేయండి.