నాన్నగారి పట్టుచీరల కొట్టు: సంతకానికి ముందు చూడవలసిన లెక్క

ప్రశ్న: మాది బరంపురం. నాన్నగారికి 63 ఏళ్లు. సొంత భవనంలో, సొంత పేరు మీద 34 ఏళ్లుగా పట్టుచీరల కొట్టు నడుపుతున్నారు. నాకు 31 ఏళ్లు. విశాఖపట్నంలో ఉద్యోగం, నెలకు రూ.85,000 చేతికి వస్తుంది. భార్య, రెండేళ్ల పాప ఉన్నారు. దసరాకల్లా ఉద్యోగం మాని వచ్చి కొట్టు చూసుకోవాలని, నేను దాచుకున్న రూ.14 లక్షల్లో 10 లక్షలు సరుకు మీద పెట్టాలని నాన్నగారు ఎదురుచూస్తున్నారు. ఇల్లు తనఖా పెట్టి తీసుకున్న రూ.25 లక్షల క్యాష్ క్రెడిట్‌ను (పరిమితి మేరకు కావలసినప్పుడు వాడుకొని తిరిగి కట్టే బ్యాంకు అప్పును) వచ్చే నెల రెన్యువల్ చేయించాలి. అందులో నన్ను హామీదారుగా సంతకం చేయమంటున్నారు. బ్యాంకు వడ్డీ కట్టకముందు ఏడాదికి రూ.9 లక్షలు మిగులుతుందని, ఇంటి ఖర్చుకు నెలకు రూ.30,000 గల్లాపెట్టెలోంచే తీస్తామని చెబుతారు. చెల్లెలికి పెళ్లయింది. కాదంటే ఆయన మనసు ఎంత నొచ్చుకుంటుందో నాకు తెలుసు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో మూడు కోరికలు ఒకటిగా కలిసిపోయాయి. మీరు రావడం ఒకటి, మీ డబ్బు రావడం మరొకటి, మీ సంతకం రావడం ఇంకొకటి. నాన్నగారి దృష్టిలో ఇవన్నీ ఒకటే కావచ్చు గాని, ఒక్కొక్కదాని బరువు వేరు. వచ్చే నెలే చేయమంటున్న సంతకం అన్నింటికన్నా బరువైనది కాబట్టి ముందుగా దాని సంగతే చెబుతాను.

హామీదారు సంతకం సాక్షి సంతకం వంటిది కాదు. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు అప్పుదారు బాధ్యతతో సమానం; బ్యాంకు ముందుగా నాన్నగారి దగ్గర వసూలుకు ప్రయత్నించి, ఆ తరువాతే మీ దగ్గరకు రావాలన్న నియమం లేదు. మీరు సంతకం చేయకుండా ఉంటే, కాలం కలిసిరాక రేపు ఆయన అప్పు మిగిలినా, వారసులుగా మీకు సంక్రమించిన ఆస్తి విలువ మేరకే మీరు బాధ్యులవుతారు. సంతకం చేస్తే మాత్రం మీ జీతం, మీ పొదుపు, రేపు మీరు కొనుక్కోబోయే ఇల్లు కూడా ఆ బాధ్యత కిందికి వస్తాయి. ఇల్లు ఇప్పటికే తనఖాలో ఉంది కనుక ఉన్న పరిమితికే, మీ హామీ లేకుండా రెన్యువల్ చేయమని నాన్నగారితో కలిసి వెళ్లి బ్యాంకు మేనేజరును అడగండి. ఒప్పుకోకపోతే పరిమితి కొంత తగ్గించుకుంటామని చెప్పి చూడండి.

ఇక కొట్టు ఆదాయం. పరిమితి మొత్తం వాడుతున్నారని, వడ్డీ 10 శాతమని అనుకుందాం. రూ.9 లక్షల్లోంచి ఆ రూ.2.5 లక్షల వడ్డీ తీస్తే రూ.6.5 లక్షలు మిగులుతాయి. అమ్మానాన్నల ఇంటి ఖర్చు ఏడాదికి రూ.3.6 లక్షలు పోగా మిగిలేది రూ.2.9 లక్షలు, అంటే మీ ముగ్గురికీ నెలకు సుమారు రూ.24,000. ఇదే లెక్కను ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. అదే భవనాన్ని నెలకు రూ.15,000 అద్దెకు ఇవ్వగలరనుకుందాం. నాన్నగారి స్థానంలో నమ్మకమైన మనిషిని నెలకు రూ.25,000 జీతానికి పెట్టారనుకుందాం. అప్పుడు ఆ రూ.6.5 లక్షల్లో కొట్టు నిజంగా సంపాదించింది రూ.1.7 లక్షలు మాత్రమే. మిగతాదంతా మీ భవనానికి రావలసిన అద్దె, ఆయన కష్టానికి రావలసిన జీతం. ఆయన తన పనికి ఎన్నడూ జీతం రాసుకోలేదు కాబట్టి కొట్టు ఇంతకాలం లాభంగా కనిపించింది. ఈ మాట ఆయన ముందు ఎంతో గౌరవంగా అనాలి, ఎందుకంటే ఆ జీతం తీసుకోకుండానే ఆయన మిమ్మల్ని చదివించారు, చెల్లెలి పెళ్లి చేశారు.

ఈ లెక్క ఒక్క ఏడాదిది చూస్తే చాలదు. మీ ఊళ్లో ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. ఊరంతా బంధువులతో నిండే ఆ ఏడాది అమ్మకాలు వేరు, యాత్ర లేని ఏడాది అమ్మకాలు వేరు. మూఢం వచ్చి పెళ్లి ముహూర్తాలు తగ్గిన ఏడాది మళ్లీ వేరు. కనీసం నాలుగేళ్ల జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అరువు ఖాతా దగ్గర పెట్టుకొని సగటు తీయండి. తరువాత ఒక ఆదివారం నాన్నగారితో కలిసి బీరువాల్లోని సరుకంతా దించి, రెండేళ్లు దాటిన చీరలను వేరు చేయండి. మడతల్లో నలిగిన పట్టుకు కొన్న ధర రాదు. పుస్తకంలో మాత్రం ఆ ధరే ఉంటుంది. ఈ పనిలో మీకు ఇంకో లాభం కూడా ఉంది. జరీ నాణ్యతను, అంచు మీది కుంభాల (గోపురపు ఆకారాల) వరుసను చేత్తో తడిమి చెప్పగల ఆయన నేర్పు ఏ బ్యాలెన్స్ షీటులోనూ కనిపించదు, ఆ నేర్పు లేకుండా కొట్టు చేపట్టడమూ కుదరదు.

మీ రూ.10 లక్షలను కొత్త సరుకు మీద పెట్టడం నాకు సమ్మతం కాదు. సహాయం చేయాలనే ఉంటే రూ.5 లక్షలకు మించకుండా క్యాష్ క్రెడిట్ ఖాతాలో జమ చేయించి, ఆ మేరకు పరిమితిని కూడా తగ్గించమని బ్యాంకుకు లిఖితపూర్వకంగా చెప్పించండి. దానితో ఏడాదికి రూ.50,000 వడ్డీ తప్పకుండా మిగులుతుంది. పరిమితి తగ్గించకపోతే ఆ డబ్బు మళ్లీ సరుకులోకే వెళుతుంది. ఇచ్చేది అప్పుగా, బ్యాంకు ద్వారా, రాతపూర్వకంగా ఇవ్వండి. రూ.20,000, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం అనుమతించదు.

రాత ఎందుకంటే, కొట్టు నాన్నగారి స్వార్జితం. ఆయన వీలునామా రాయకపోతే హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం భవనం, సరుకు అమ్మకు, మీకు, చెల్లెలికి సమానంగా వస్తాయి. నాయనమ్మ ఉంటే ఆమెకూ ఒక వాటా ఉంటుంది. మీరు పదేళ్లు కొట్టులో శ్రమించి, మీ డబ్బు పోసి పెంచిన విలువ కూడా అందులోనే కలిసిపోతుంది. రేపు చెల్లెలు తన న్యాయమైన వాటా అడిగితే అది ఆమె తప్పు కాదు, ఈ రోజు రాసుకోకపోవడం మన తప్పు. వీలునామా గురించి కొడుకు ఒక్కడే అడిగితే తండ్రికి అది మరోలా వినిపిస్తుంది కాబట్టి, అమ్మ, చెల్లెలు ఉన్నప్పుడే ఆ మాట ఎత్తండి.

ఈ లెక్కలన్నీ చూశాక కూడా వెళ్లాలనే మీకు అనిపిస్తే, దసరాకు రాజీనామా ఇవ్వకండి. దసరా నుంచి పెళ్లిళ్ల కాలం దాకా సెలవు మీదనో, ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటు మీదనో వచ్చి కొట్టులో కూర్చోండి. విశాఖకు రైలులో నాలుగైదు గంటల దూరమే గదా. ఆ తరువాత భాగస్వామ్యం రాసుకుంటే, పాత అప్పులన్నీ కొత్త సంస్థ స్వీకరిస్తుందన్న వాక్యం ఒప్పందంలో ఉంటే అవి మీ మీదా పడతాయి కనుక, అది ఉందేమో చూసి మరీ సంతకం చేయండి. వ్యాపారం బదిలీ అయితే అప్పటివరకు ఉన్న జీఎస్టీ బకాయిలకు పాత యజమానితో పాటు కొత్త యజమానీ బాధ్యుడే కనుక, ముందు అవి తేల్చుకోండి. కంపెనీ ఆరోగ్య బీమాలో అమ్మానాన్నలు ఉన్నట్లయితే ఉద్యోగం మానకముందే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మార్చమని అడగండి. ఆ వయసులో కొత్త పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం ఉండవచ్చు.

నాన్నగారితో "రాను" అని మొదలుపెట్టవద్దు. "నాన్నా, నాలుగేళ్ల పుస్తకాలు నాకు చూపించండి, మీ దగ్గర కూర్చొని నేర్చుకుంటాను" అని అడగండి. రెన్యువల్‌కు ఇంకా నెల రోజుల గడువుంది. ఆ పుస్తకాలు చూడటానికి రెండు ఆదివారాలు చాలు.