బోరుకీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య 30 అడుగులుంటే బాక్టీరియా రాదా?

30 అడుగుల మట్టి ఉంటే అదే వడగట్టేస్తుందని మీ మేస్త్రీ చెప్పాడన్నారు. మా గుంటూరు మేస్త్రీలదీ ఇదే పాట. మట్టి ఆపుతుంది, నిజమే, కానీ టీ వడగట్టినట్టు కాదు. ఇసుక రేణువు అర మిల్లీమీటరు ఉంటే మలంలో ఉండే ఈ.కోలై బాక్టీరియా పొడవు 2 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదువందలో వంతు. గుమ్మడికాయల గుట్ట మీద ఆవాలు పోసినట్టే, సందుల్లోంచి జారిపోతాయి. ఆగాలంటే దేనికో ఒకదానికి అంటుకోవాలి.

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఇదే. సీతానగరం దగ్గర కృష్ణ ఇసుక తెచ్చి, కడిగి, గాజు గొట్టంలో కూరి, పైనుంచి ఈ.కోలై కలిపిన ఉప్పునీళ్లు వదిలాను. కింద పట్టిన నీళ్లు బాక్టీరియా పెంచే ప్లేట్ల మీద వేస్తే గులాబీ రంగు కాలనీలు, అంటే ఈ.కోలై పెరిగిన చుక్కలు, వేళ్ల మీద లెక్కపెట్టేన్నే వచ్చాయి, మా సార్ తెగ సంబరపడ్డారు. ఇంకో రోజు అదే పని మళ్లీ చేసి, సాయంత్రం ఆకలి మీద గొట్టం కడిగేసి పోదామని డిస్టిల్డ్ వాటర్ పోశాను. కింద నీళ్లు కాస్త మసగ్గా కనిపిస్తే, ఎందుకో దాన్నీ ఒక ప్లేట్ మీద వేసి వెళ్లిపోయా. మర్నాడు ఇంక్యుబేటర్ తీస్తే ప్లేటంతా గులాబీ పొర, లెక్కపెట్టడానికి ఖాళీ లేదు. అన్నీ ఆగిపోయాయని మురిసిపోయాం కదా, ఇసుకకి అతుక్కుని కూర్చున్నాయంతే, ఉప్పు తగ్గగానే ఊడొచ్చేశాయి.

బాక్టీరియా ఒంటి మీదా ఋణావేశమే, ఇసుక మీదా ఋణావేశమే. ఒకదాన్నొకటి తోసుకుంటాయి. నీళ్లలో ఉప్పుంటే ఆ తోపుడు దూరం తగ్గి పక్కకి చేరి ఆగుతాయి. అన్నీ ఒకేలా ఉండవు కూడా, కొన్నిటికి ఒళ్లంతా నూగులాంటి ఫింబ్రియేలుండి గట్టిగా పట్టుకుంటాయి, నీళ్లంటే గిట్టని పైపొర ఉన్నవి ఇంకాస్త తొందరగా అంటుకుంటాయి. ఇనుము తుప్పు పట్టిన ఎర్రమట్టికి ధనావేశం కాబట్టి బాగానే పట్టేస్తుంది. మనది నల్లరేగడి, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు. అందులోకి దిగిన నీళ్లకి అంటుకునే అవకాశమే తక్కువ.

ఇక వాన నీళ్లంటారా, ఉప్పు లేని విషయంలో డిస్టిల్డ్ వాటర్‌కి చుట్టాలే, మట్టికి అంటుకున్నవాటిని అలాగే ఊడదీస్తాయి. మా బోరు నీళ్లు మే నెలలో పరీక్ష చేయిస్తే శుభ్రం. జులైలో రెండు రోజులు ముసురు పట్టాక హెచ్‌టూఎస్ సీసాలో (మలం బాక్టీరియా ఉంటే నీళ్లు నల్లబడే పరీక్ష సీసా) పోసి పెడితే తెల్లారేసరికి తారులా నల్లబడింది.

ఇంకో సంగతి, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వాస్తు ప్రకారం అందరికీ బోరు ఈశాన్యం, ట్యాంకు వాయవ్యం. మరి నా ఈశాన్యం మూల గోడకి అవతల ఏముంటుంది? తూర్పింటాయన వాయవ్యం! మధ్యలో ఆరడుగులు కూడా లేవు. అడిగితే "సిద్ధాంతి గారు చూపించిన చోటే తవ్వించాను బాబూ" అన్నారు. మీరు మీ ట్యాంకు నుంచి 30 అడుగులు కొలిచారు సరే, పక్కింటి ట్యాంకు కొలిచారా?

ముందు బోరులో దించిన పైపు (కేసింగ్) చుట్టూ సిమెంటు వేయించండి. పరీక్ష మాత్రం గట్టి వాన పడ్డ మర్నాడే చేయించండి, 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ.కోలై కూడా కనపడకూడదు. ఎండాకాలం రిపోర్టు ఎవరు చూపించినా నమ్మకండి. మేం ఇప్పటికీ కాచే తాగుతున్నాం.