అమ్మ ఎందుకు లేచి నిలబడింది?

ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించాను:

"నాకు 37 ఏళ్లు. ఆఫీసులో ఒక టీమ్‌కి లీడ్‌ని. పొద్దున తొమ్మిదికి లాప్‌టాప్ తెరిస్తే రాత్రి ఎనిమిది అవుతుంది, మళ్లీ పదింటి నుంచి కాల్స్. వారానికి 65 గంటలకు తక్కువ కాదు. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది, ఇల్లూ బాబూ అంతా తనే చూసుకుంటుంది కాబట్టి నాకు ఆ బెంగ లేదు. ఇంత కష్టపడటం ఎందుకని మా ఆయన అంటారు, కానీ ఖాళీగా కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టుంటుంది నాకు. మొన్న మధ్యాహ్నం నెట్ పోయి గదిలోంచి బయటికొస్తే, సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చున్న అమ్మ నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. ఎందుకో ఏడుపొచ్చింది. ఈ మధ్య మతిమరుపు, చిరాకు. ఐదు గంటలే పడుకుంటున్నాను. దాన్ని నాలుగున్నరకి తగ్గించి తెల్లవారుజామున పని చేసుకుంటే పగలు కాస్త తెరిపి దొరుకుతుందేమో. అలా అలవాటు చేసుకోవడం ఎలాగో చెప్పండి."

చెప్పను. పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలని డాక్టర్లు మొత్తుకుంటుంటే, మీరు ఐదింటితో నెట్టుకొస్తూ అందులోంచి ఇంకో అరగంట కోసుకుంటానంటున్నారు. ఈ వారంలోనే వెళ్లి ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పిన లెక్క ఒకటుంది. వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ల కంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువట. మీరు ఆ 55కి ఇంకో పది గంటలు అవతల ఉన్నారు. నిద్ర తగ్గించే మాట ఇక ఎత్తకండి.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది అమ్మ దగ్గర. కన్నకూతురి ఇంట్లో మధ్యాహ్నం పూట కాసేపు కాళ్లు చాపుకున్న పెద్దావిడ, కూతుర్ని చూసి ఉలిక్కిపడి ఎందుకు లేవాలి? మీరు ఆమెను ఏనాడూ ఒక్క మాట కూడా అని ఉండరు, అనే మనిషైతే ఆ క్షణంలో మీకు ఏడుపొచ్చేది కాదు. అయినా లేచింది. ఎందుకంటే ఆ ఇంట్లో మీరు కూర్చోగా ఆమె ఎప్పుడూ చూడలేదు. కూర్చున్నవాళ్లు ఎవరికో సంజాయిషీ చెప్పుకోవాలన్న పద్ధతి ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే మీ ఇంట్లో స్థిరపడిపోయింది. ఖాళీగా కూర్చుంటే తప్పు చేసినట్టుంటుందని మీరు రాశారే, మీ అమ్మకూ సరిగ్గా అలాగే ఉంది.

ఇంకో సంగతి గమనించారా? పని ఒత్తిడి గురించి ఇంత రాసి, పై అధికారి గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. మిమ్మల్ని తరుముతున్నది ఆఫీసు కాదేమో అని నాకు అందుకే అనిపించింది. మీకూ అమ్మకూ మధ్య తీరని బాకీ ఒకటి నడుస్తోంది. అమ్మ ఈ వయసులో నాకోసం ఇంత చేస్తుంటే నేనెలా కూర్చుంటానని మీరు ఇంకో కాల్ ఎత్తుతారు, పిల్ల అర్ధరాత్రి దాకా కుర్చీలోంచి లేవడం లేదు, నేనీ మాత్రం చెయ్యలేనా అని ఆమె ఇంకో పని అందుకుంటుంది. ఒకరిని చూసి ఒకరు అరిగిపోతున్నారు. ప్రేమ లేదని నేననను, కానీ ఆ ప్రేమలో ఇద్దరికీ ఊపిరాడటం లేదు.

మీ గంటలు లెక్కపెట్టి రాశారు, సరే. ఆమెవి? తొమ్మిదింటికి మీరు లాప్‌టాప్ తెరిచేసరికి బాబు తయారై బడికి వెళ్లి ఉంటాడు కదా, మరి ఆమె ఎన్నింటికి లేచినట్టు? రాత్రి కాల్స్ ముగించుకుని వచ్చేసరికి వంటిల్లు సర్ది ఉంటుంది కదా, ఎన్నింటికి నడుము వాల్చినట్టు? ఆమెకు ఆదివారం లేదు, సెలవు చీటీ లేదు. "తనే చూసుకుంటుంది కాబట్టి నాకు ఆ బెంగ లేదు" అని ఎంత తేలిగ్గా రాసేశారో మళ్లీ ఒకసారి చదువుకోండి. కోపం తెచ్చుకోకండి, కొడుకులు రాసినా కూతుళ్లు రాసినా నాకొచ్చే ఉత్తరాల్లో ఇదే ధోరణి. అమ్మను దగ్గర పెట్టుకుని చూసుకుంటున్నామంటారు, ఎవరు ఎవర్ని చూసుకుంటున్నారో ఆ ఇంట్లో నాలుగు రోజులుంటే తెలిసిపోతుంది.

రోజుకు ఎనిమిది గంటల పని అన్న హద్దు ఊరికే రాలేదు. 1886 మే 1న అమెరికాలో కార్మికులు సమ్మెకు దిగింది దానికోసమే, అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒప్పందం కూడా దాని గురించే. ఆ హద్దు వంటింటి గుమ్మం మాత్రం దాటలేదు. 1948 నాటి మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణంలో విశ్రాంతినీ తీరికనూ విడివిడిగా పేరు పెట్టి మరీ అందరికీ హక్కు అన్నారు. అవి రెండూ ఒకటి కావు. సెలవు రోజున మధ్యాహ్నం దాకా పడుకుంటే అది విశ్రాంతి, సోమవారానికి ఒంటిని సిద్ధం చేసుకోవడం. తీరిక దేనికీ సిద్ధం చెయ్యదు. కిటికీలోంచి చూస్తూ ఊరికే కూర్చోవడం, పిల్లాడు చెప్పే తలా తోకా లేని కథ చివరిదాకా వినడం, పాత సంగతే మళ్లీ చెప్పుకుని మళ్లీ నవ్వుకోవడం. మనుషులు ఒకరికొకరు అర్థమయ్యేది అలాంటి గంటల్లోనేనని నా గట్టి నమ్మకం. నాన్న పోయాక అమ్మకు రాత్రుళ్లు నిద్ర పడుతోందా? మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఎవరితోనైనా మాట్లాడాలని ఉంటోందా? మీ ఉత్తరంలో ఆవిడ గురించి ఉన్నదల్లా ఆవిడ చేసే పనులే.

అందుకని పదింటి కాల్స్ ముందు ఆపండి. టీమ్ లీడ్ మీరే కాబట్టి అందులో కొన్నైనా మీ చేతిలోనే ఉంటాయి, మీరు మానేస్తే మీ కింద పనిచేసేవాళ్లూ కాస్త తొందరగా పడుకుంటారు. మీ ఆయన విషయానికొస్తే, ఎందుకింత కష్టం అని అనేసి ఊరుకుంటే కుదరదు, సాయంత్రం వంటిల్లూ బాబు చదువూ ఆయనకు అప్పజెప్పండి, ఇందులో మొహమాటం వద్దు.

అమ్మ ఒప్పుకోదు. నాకేం పనుంది కనుక అంటుంది, అల్లుడు వంటింట్లోకి వస్తే తనే సిగ్గుపడిపోతుంది. బతిమాలి కూర్చోబెట్టాలని చూడకండి, ఇన్నేళ్ల అలవాటు మాటలతో పోదు. పనివేళ మధ్యలో, ఆవిడ చూస్తుండగా, ఫోన్ గదిలోనే వదిలేసి వచ్చి ఆ సోఫాలో ముందు మీరు కాళ్లు చాపుకోండి. మొదట్లో మీకు నరకంలా ఉంటుంది, చేతులు ఫోన్ కోసం వెతుక్కుంటాయి, తప్పు చేస్తున్నట్టే ఉంటుంది, ఉండనివ్వండి. నాలుగో రోజుకో పదో రోజుకో ఆవిడ వచ్చి పక్కన చేరుతుంది. అప్పుడు కూడా ఏమీ అడక్కండి, ఆవిడే మొదలుపెడుతుంది.

నెల తర్వాత మళ్లీ రాయండి. ఈసారి అమ్మ గంటలు కూడా లెక్కపెట్టి రాయండి.