పోటు, పాటు

ప్రశ్న: "జీవితంలో ఎన్నో ఆటుపోట్లు ఎదుర్కొన్నాడు" అని రాస్తుంటారు. ఆటుపోట్లంటే కష్టాలేనా? వాటిలో ఆటు ఏది, పోటు ఏది?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: సముద్రం పొంగితే పోటు, వెనక్కి తగ్గితే ఆటు. 'ఆటు' ఇప్పుడు జంటలోనే మిగిలింది. తీరంలో పడవ నడిపేవాళ్లు పోటు, పాటు అంటారు. నాకు ఆ జంటే ఇష్టం. చెడు నుంచి చేటు, పడు నుంచి పాటు వచ్చినట్టే పొడుచు నుంచి పోటు. పొడవడమంటే గుచ్చడమే కాదు, పైకి రావడం కూడా. పొద్దు పొడిచింది, చుక్క పొడిచింది అంటాం కదా! నీళ్లు పైకి పొడిస్తే పోటు, కిందికి పడితే పాటు. ఇంతకన్నా సబబైన వ్యుత్పత్తి నాకు తోచలేదు. కత్తిపోటు, గుండెపోటు గుచ్చే పోట్లు. తిరుమల పోటు శ్రీవారి ప్రసాదాలు వండే చోటు, దాని సంగతి వేరు.

నీళ్లు పొడిచేది చంద్రుడి వల్ల. తనవైపున్న నీళ్లను ఎక్కువగా, అవతలివైపు నీళ్లను తక్కువగా లాగడంతో సముద్రం రెండువైపులా ఉబ్బుతుంది. భూమి తిరుగుతుంది కాబట్టి మన తీరానికి సుమారు 12 గంటల 25 నిమిషాలకొక పోటు. అందుకే ఇవాళ్టి పోటు రేపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పున్నమికీ అమావాస్యకీ సూర్యుడు కూడా అదే వరసలో లాగుతాడు, పోటు పెద్దది. అష్టమి దగ్గర చిన్నది. పడవవాళ్లకు తిథి తెలియకపోతే పని జరగదు.

2022లో జిల్లాలు మారాక తిరుపతి జిల్లాకీ సముద్రం వచ్చింది కాబట్టి ఇది మన సంగతే. పోటు వేళ రాయదొరువు ముఖద్వారంలోంచి ఉప్పునీళ్లు పులికాట్ సరస్సులోకి ఎక్కుతాయి, వాటి వెంట రొయ్యపిల్లలూ చేపపిల్లలూ వస్తాయి. ఇసుక మేటవేసి ఆ దారి పూడితే పోటు లోపలికి రాదు, జాలరి వలలో ఏమీ పడదు.

పోటంటే అంత మేలు. దాన్ని కష్టాల్లో కలిపేస్తే ఎలా? షేర్ మార్కెట్ ఆటుపోట్లంటే ఒప్పుకుంటాను, అక్కడ ఎక్కడమూ దిగడమూ రెండూ ఉన్నాయి. వరసగా దెబ్బలే తిన్నవాడికి ఆటుపోట్లేమిటి? కష్టాలని రాయడానికి మొహమాటం దేనికి? సునామీని పోటనడం ఇంకా పొరపాటు. అది ఎక్కువగా సముద్రం అడుగున భూకంపంతో పుడుతుంది, చంద్రుడికి సంబంధమే లేదు.

ఇంతగా వాడుకలో పడ్డాక మీరడిగిన వాక్యాన్ని తప్పని కొట్టెయ్యలేను. మంచీ చెడూ రెండూ చూసినవాడి గురించైతే అలాగే రాయండి. లేకపోతే, నా చేతికొస్తే మాత్రం మారుస్తాను.