బుల్లెట్ రైలు మా తోటలోంచి పోతే?

ప్రశ్న: అన్నా, మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నాలుగెకరాల తోతాపురి తోట, ఒక బోరు ఉన్నాయి. చెన్నై–బెంగళూరు బుల్లెట్ రైలు మా పక్కనుంచే పోతుందని ఊరంతా ఒకటే మాట. ఎక్స్‌ప్రెస్‌వేకి ఇప్పటికే మా బంధువుల భూములు పోయాయి. లైను కాస్త పక్కకు జరపమంటే జరుపుతారా? డబ్బు ఎట్లా లెక్క కడతారు? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక మామిడి రైతు

జవాబు: అన్నా, 2026 ఫిబ్రవరి 1న బడ్జెట్‌లో ప్రకటించిన ఏడు హైస్పీడ్ కారిడార్లలో చెన్నై–బెంగళూరు ఉన్న మాట నిజం. అయితే బడ్జెట్‌లో ప్రకటన వేరు, భూసేకరణ నోటిఫికేషన్ వేరు. సర్వే నంబర్లతో నోటిఫికేషన్ వచ్చేదాకా మీ తోట పోతుందని చెప్పినా, పోదని చెప్పినా నమ్మొద్దు. ఆ పేరు చెప్పి ప్లాట్లు అమ్మేవాళ్లు చెబితే అసలే నమ్మొద్దు.

జరపడం గురించి అడిగారు. ముంబై–అహ్మదాబాద్ లైను గంటకు 320 కిలోమీటర్ల వేగానికి కడుతున్నారు. ఆ వేగంలో మలుపు తిరగాలంటే వంపు వ్యాసార్థం ఆరు కిలోమీటర్ల దాకా కావాలి. అంటే మీ బోరు తప్పించడానికి లైను జరిపితే అటూ ఇటూ కొన్ని కిలోమీటర్ల పొడవునా వేరేవాళ్ల పొలాలు మారిపోతాయి. అందుకే ఒక్క రైతు అర్జీతో పని కాదు. డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక) తయారయ్యే దశలోనే నాలుగైదు ఊళ్లు కలిసి చెరువులు, కాలువలు, బోర్లు, బండి బాటలు మ్యాపు మీద గుర్తుపెట్టి ఇస్తే వినే అవకాశం ఉంటుంది, అలైన్‌మెంట్, అంటే లైను పోయే దారి, ఖరారయ్యాక ఎంత పెద్ద నాయకుడి దగ్గరికి పోయినా కష్టమే. ఒక్క ఊరట ఏమిటంటే ముంబై–అహ్మదాబాద్ లైనులో ఎక్కువ భాగం స్తంభాల మీద పోతోంది, అక్కడ తీసుకునే వెడల్పు 17.5 మీటర్లు. ఇక్కడా అదే పద్ధతి పెడితే మీ తోటలో వంద మీటర్ల పొడవున పోయినప్పుడు సుమారు 43 సెంట్లు పోతాయి. నాలుగెకరాలూ పోతాయని భయపడకండి, కానీ ఆ 43 సెంట్లలో బోరు ఉంటే మిగతా తోట సంగతేమిటని గట్టిగా అడగాల్సిందే. భూమిని ముక్కలు చేయడం వల్ల కలిగే నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది.

ఇక డబ్బు. ఆ చట్టం ప్రకారం గత మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు తీస్తారు, దాన్ని రిజిస్ట్రేషన్ శాఖ విలువతో పోల్చి ఏది ఎక్కువైతే అది పట్టుకుంటారు. పల్లెల్లో దాన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన అంకెతో గుణించి, చెట్లు, బోరు, కట్టడాల విలువ కలిపి, ఆ మొత్తానికి సమానంగా ఇంకో నూరు శాతం సొలేషియం, అంటే ఊరట సొమ్ము, కలుపుతారు. వినడానికి బాగుంది. కానీ మన దగ్గర ఎకరం అమ్మింది ఒక రేటుకు, దస్తావేజులో రాసింది ఒక రేటుకు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని తక్కువ రాయించుకున్న ఆ కాగితమే తర్వాత ఊరందరి పరిహారాన్నీ కిందికి లాగేస్తుంది. గుజరాత్‌లో బుల్లెట్ రైలు రైతులు హైకోర్టుకు వెళ్లినప్పుడు మొర పెట్టుకున్నదీ తక్కువ లెక్క గురించే, 2011 నాటి ప్రభుత్వ ధరలతో మా భూమి లెక్క కడుతున్నారని. 2019లో కోర్టు వాళ్ల పిటిషన్లు కొట్టేసింది. కాబట్టి మీ ఊళ్లో ఎవరైనా ఇప్పుడు అమ్మితే అసలు ధరే రాయించమని చెప్పండి.

అడంగల్, 1బి, పాసుపుస్తకం సరిచూసుకోండి. రీసర్వేలో విస్తీర్ణం తేడా వచ్చి ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. అధికారులు కలిసి చేసే జాయింట్ సర్వేకి వచ్చిన రోజు ఒక్కో చెట్టూ లెక్కలో పడిందో లేదో దగ్గరుండి చూసుకోండి, వయసు కూడా రాయించండి. నోటిఫికేషన్ వస్తే అది ఏ చట్టం కింద వచ్చిందో ముందు చదవండి. 2013 చట్టమైతే అభ్యంతరానికి 60 రోజులు, రైల్వే చట్టమైతే 30 రోజులే. ఈ తేడా తెలియక గడువు దాటబెట్టుకునే ప్రమాదం ఉంది.

మరొకటి కూడా చెప్పాలి. ముంబై లైను ఆలస్యమైతే రైతులు అడ్డుపడ్డారన్నారు, ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది. భూమి చేతికి రాకుండానే 2017 సెప్టెంబర్ 14న శంకుస్థాపన చేసి, 2022కల్లా రైలు నడుపుతామన్నారు. మహారాష్ట్రలో ప్రభుత్వాలు మారిన కొద్దీ ప్రాజెక్టు ఒకసారి ఆగుతూ ఒకసారి కదులుతూ వచ్చి, భూసేకరణ పూర్తయ్యేసరికి 2024 జనవరి అయింది. అమెరికాలోని కాలిఫోర్నియాలోనూ ఇదే కథ. 2008లో జనం ఓటేశారు, 2020కల్లా రైలన్నారు, కావలసిన భూమంతా కొనకముందే పని మొదలుపెట్టారు, ఇప్పటికీ ఆ రైలు రాలేదు. రైతుకు సరైన ధర ఇచ్చి, ఒప్పించి, ఆ తర్వాత కొబ్బరికాయ కొట్టి ఉంటే ఇంత సాగేది కాదని నా గట్టి నమ్మకం.

ప్రశ్న: సార్, హైదరాబాద్–చెన్నై హైస్పీడ్ లైను తిరుపతి మీదుగా రావాలని మా కాలేజీలో సంతకాలు సేకరిస్తున్నాం. అందులో ఏమేం రాయాలి?
– డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మంచి పని చేస్తున్నావమ్మా. ‘తిరుపతి మీదుగా’ అని మాత్రం రాసి ఊరుకోవద్దు, స్టేషన్ ఎక్కడ కట్టాలో కూడా రాయండి. ఫ్రాన్స్‌లో పారిస్ నుంచి ఉత్తరానికి వేసిన లైను తమ ఊరి మీదుగా రావాలని అమియాఁ పట్టణం కోరింది, లీల్ నగరం కూడా పట్టుబట్టింది. లీల్ మేయర్ పియేర్ మోరువా అంతకుముందు దేశ ప్రధానిగా చేసినవాడు. లైను లీల్‌కు వెళ్లింది, స్టేషన్ కూడా నగరం నడిబొడ్డునే వచ్చింది. అమియాఁ వాళ్లకు దూరంగా చక్కెర బీట్ పొలాల మధ్య ఒక స్టేషన్ కట్టారు, మామూలు రైలు మార్గంతో దానికి కలయిక కూడా లేదు, బస్సెక్కి వెళ్లాలి. మనకూ అట్లా జరిగితే కొండకు వచ్చే ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు సామాన్లతో మళ్లీ ఆటోల వెంట పరిగెత్తాలి, రైల్లో మిగిలిన గంట అక్కడే పోతుంది. ఇప్పుడున్న తిరుపతి స్టేషన్‌తోనో, రేణిగుంటతోనో ఒకే కప్పు కింద కలపాలని అర్జీలో మొదటి వాక్యంగా పెట్టండి. హైస్పీడ్ లైను 1,435 మిల్లీమీటర్ల గేజ్‌తో (రెండు పట్టాల మధ్య దూరం) వేస్తే ఆ రైలు మన 1,676 మిల్లీమీటర్ల పట్టాల మీదికి రావడం కుదరదు. ఊరి బయట దింపేస్తే అక్కడితో సరి. రోజుకు ఎన్ని రైళ్లు తిరుపతిలో ఆగుతాయో కూడా అడగండి, స్టేషన్ ఉండీ ఆగకుండా పోయే రైళ్లతో మనకేం లాభం?

ప్రశ్న: చిత్తూరు నుంచి తిరుపతికి ఉద్యోగానికి వెళ్లొస్తుంటాను. క్రాసింగ్ పడితే చాలు, రైలు ఆగిపోతుంది. మాకు బుల్లెట్ రైలు ఎందుకండీ?
– ఒక ఉద్యోగిని, చిత్తూరు

జవాబు: మీ కోపంలో న్యాయం ఉందమ్మా. తిరుపతి–పాకాల–కాట్పాడి ఒకే లైను కాబట్టి ఎదురు రైలు వచ్చేదాకా మీ రైలు స్టేషన్లో ఆగాల్సిందే. ఈ 104 కిలోమీటర్లకు రెండో లైను వేయడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ 1,332 కోట్లతో ఆమోదం ఇచ్చింది. కిలోమీటరుకు పదమూడు కోట్లు కూడా పడదు. 508 కిలోమీటర్ల ముంబై–అహ్మదాబాద్ లైనుకు మొదట వేసిన అంచనా 1.08 లక్షల కోట్లు, అంటే కిలోమీటరుకు 200 కోట్ల పైమాటే. అందులో ఎక్కువ భాగం జపాన్ 0.1 శాతం వడ్డీకి ఇచ్చిన అప్పు. అలాంటి అప్పు ప్రతి లైనుకూ దొరుకుతుందని అనుకోలేం. హైస్పీడ్ రైలు వద్దని నేను అనను, చెన్నై, బెంగళూరు మధ్య రోజూ ప్రయాణించేవాళ్లకు అది అవసరమే. కానీ మీ లైను ముందు పూర్తి కావాలి. ఎంపీ గారు ఊళ్లోకి వచ్చినప్పుడు బుల్లెట్ రైలు గురించి కాకుండా, పాకాల నుంచి చిత్తూరు దాకా రెండో పట్టా పని ఏ నెలకు పూర్తవుతుందో అడగండి.